క్రమం సంవృతమైతే చాలదు: ప్రీస్ట్‌లీ డ్యుయాలిటీలో ఆ ఒక్క షరతు గురించి

మీ ప్రశ్నలు రెండు, రెండూ ప్రీస్ట్‌లీ డ్యుయాలిటీ గురించే: ప్రతి డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌కీ క్రమం ఉన్న ఒక టోపాలజీ స్పేస్‌ను జతచేసి, ఒకదాని నుంచి ఇంకోదాన్ని తిరిగి కట్టుకునే పద్ధతి అది. లాటిస్ అంటే ఏ రెండు మూలకాలు తీసుకున్నా, రెంటికీ కింద ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది (మీట్), రెంటికీ పైన ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్నది (జాయిన్) ఉండే క్రమం. మీట్, జాయిన్‌లకు విభాగ న్యాయం వర్తిస్తే అది డిస్ట్రిబ్యూటివ్, ప్రతి మూలకానికీ పూరకం కూడా ఉంటే బూలియన్. బూలియన్ ఆల్జీబ్రాకి స్టోన్ స్పేస్, అంటే దాని నుంచి కట్టే టోపాలజీ స్పేస్, సరిపోయినప్పుడు, డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌కి ఆ స్పేస్ మీద పాక్షిక క్రమం కూడా ఎందుకు కావాలి, గణితవేత్త మార్షల్ స్టోనే 1937లో క్రమం లేకుండా ఈ పని చేశారు కదా అన్నది మొదటిది. ప్రీస్ట్‌లీ నిర్వచనంలో ఉన్న వేర్పాటు షరతు తీసేసి, స్టోన్ స్పేస్ మీద "క్రమం సంవృతం" (క్రమంలో ఉన్న జంటలు ఏ జంటకు చేరినా అదీ క్రమంలోనే ఉండాలి) అని మాత్రం రాసుకుంటే సరిపోదా అన్నది రెండోది.

రెండోదానికి జవాబు ముందే చెబుతాను: సరిపోదు. చాలా ఏళ్లుగా ఈ సబ్జెక్టు చెబుతున్నాను. శ్రద్ధగా చదివే విద్యార్థి ప్రతిసారీ ఇదే చోట ఆగి ఇదే అడుగుతాడు. ఆగాల్సిన చోటే అది, ఎందుకంటే మొత్తం సిద్ధాంతం ప్రాణం ఆ షరతులోనే ఉంది. కొంచెం ఓపిగ్గా చదవండి, అక్కడికి నెమ్మదిగా తీసుకెళ్తాను.

ముందు మొదటి ప్రశ్న. మూడు మూలకాల గొలుసు తీసుకోండి: అడుగున 0, నడుమ ఒకటి, పైన 1. ఫిల్టర్ అంటే ఒక మూలకం ఉంటే దాని పైనున్నవీ, రెండుంటే వాటి మీటూ ఉండే సమితి, అట్టడుగు మూలకం మాత్రం ఉండకూడదు. ఒక జాయిన్ లోపల ఉన్నప్పుడల్లా ఆ రెంటిలో కనీసం ఒకటి కూడా లోపల ఉంటే అది ప్రైమ్. ఈ గొలుసుకు ప్రైమ్ ఫిల్టర్లు రెండు. ఒకదానిలో 1 మాత్రమే ఉంటుంది, ఇంకోదానిలో నడిమిదీ 1 రెండూ ఉంటాయి. ఇప్పుడు నాలుగు మూలకాల బూలియన్ ఆల్జీబ్రా తీసుకోండి. దానికీ ప్రైమ్ ఫిల్టర్లు రెండే. రెండు చోట్లా రెండేసి బిందువులు, రెండు చోట్లా డిస్క్రీట్ టోపాలజీ. ఒక్క టోపాలజీనే చూస్తే ఈ రెండు లాటిస్‌లనూ విడదీసి చెప్పే దారి లేదు. తేడా అంతా క్రమంలో ఉంది: గొలుసులో ఒక ఫిల్టర్ ఇంకోదాని లోపల ఇమిడి ఉంది, బూలియన్‌లో దేనికదే.

బూలియన్‌లో అలా ఇమడడం ఎప్పటికీ జరగదు. ఒక ప్రైమ్ ఫిల్టర్ ఇంకోదాని లోపల ఉండి, దానికంటే చిన్నది అయిందనుకోండి. పెద్దదానిలో ఉండి చిన్నదానిలో లేని మూలకం ఒకటి దొరుకుతుంది. దాని పూరకం చిన్నదానిలో ఉండి తీరాలి, కాబట్టి పెద్దదానిలోనూ ఉంటుంది. మూలకమూ దాని పూరకమూ ఒకే ఫిల్టర్‌లో పడితే వాటి మీట్ 0 కూడా లోపలికి వచ్చేస్తుంది, ఫిల్టర్ చెడిపోతుంది. అంటే పూరకాలు ఉన్నంతవరకూ క్రమం చదునుగా పడుకుని ఉంటుంది. 1936లో బూలియన్ ఆల్జీబ్రాల మీద రాసినప్పుడు స్టోన్‌కి దాన్ని పట్టించుకోవాల్సిన అవసరం రాలేదు. పూరకాలు తీసేయగానే క్రమం లేచి నిలబడుతుంది.

పరిమిత లాటిస్‌లలో ఈ సంగతి బిర్కాఫ్ 1930లలోనే తేల్చేశారు. పరిమిత డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌లో జాయిన్‌గా విడగొట్టలేని మూలకాలు, అంటే 0 కానివి, తమకంటే చిన్నవాటి జాయిన్‌గా రానివి, వాటి పోసెట్ (పాక్షిక క్రమం ఉన్న సమితి) ఒక్కటి మన చేతిలో ఉంటే చాలు, లాటిస్ మొత్తం తిరిగి కట్టుకోవచ్చు. దీనివల్ల ఎంత ఆదా అవుతుందో అంకెల్లో చూడండి. మూడు జనకాలతో స్వేచ్ఛగా, అంటే వాటి మధ్య అదనపు సంబంధాలేవీ లేకుండా, పుట్టే బౌండెడ్ (0, 1 ఉన్న) డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌లో 20 మూలకాలుంటాయి, దాని డ్యుయల్‌లో, అంటే ప్రైమ్ ఫిల్టర్ల స్పేస్‌లో, 8 బిందువులు. నాలుగు జనకాలకు 168 మూలకాలు, 16 బిందువులు. అయిదింటికి 7,581 మూలకాలు, 32 బిందువులు. ఈ మూలకాల సంఖ్యలనే డెడెకిండ్ సంఖ్యలు అంటారు. తొమ్మిది జనకాలకు వచ్చే సంఖ్యను 2023లో గానీ లెక్కకట్టలేకపోయారు. అందులో 42 అంకెలున్నాయి. దాని డ్యుయల్ మాత్రం 512 బిందువుల ఘనం, అంతే. ఈ విషయం మొదటిసారి తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

అనంత లాటిస్‌లకు విడగొట్టలేని మూలకాలు చాలవు, ఒక్కోసారి అవి ఒక్కటీ ఉండవు. అందుకే వాటి బదులు ప్రైమ్ ఫిల్టర్లు, వాటి మీద టోపాలజీ. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన హిలరీ ప్రీస్ట్‌లీ 1970లో ఒక చిన్న వ్యాసంలో చెప్పింది ఇదీ: 0, 1 ఉన్న డిస్ట్రిబ్యూటివ్ లాటిస్ ఇస్తే దాని ప్రైమ్ ఫిల్టర్లన్నీ బిందువులు. ఇమడడమే క్రమం, పెద్ద ఫిల్టర్ ఎగువన, చిన్నది దిగువన. లాటిస్‌లో ఒక మూలకం తీసుకుని, అది ఉన్న ప్రైమ్ ఫిల్టర్లన్నిటి సమితిని ఆ మూలకం "నీడ" అని పిలుస్తాను. పేరు నాది, మీ పుస్తకంలో దానికి గ్రీకు అక్షరం ఉంటుంది. నీడలూ, వాటి పూరక సమితులూ అన్నీ వివృతాలు అనుకుంటే వచ్చే టోపాలజీయే మనకు కావాల్సింది. ఒక బిందువు లోపల ఉంటే దాని ఎగువన ఉన్నవన్నీ లోపల ఉండే సమితిని ఎగువ సమితి అంటాను. ప్రతి నీడా ఎగువ సమితే, వివృతమూ సంవృతమూ రెండూ, అంటే క్లోపెన్. కొన్ని పుస్తకాలు ఫిల్టర్ల చోట ప్రైమ్ ఐడియల్స్ (ఐడియల్ అంటే తలకిందులు చేసిన ఫిల్టర్) పెట్టి, ఎగువకు బదులు దిగువ సమితులు రాస్తాయి. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా దానితోనే నడవండి. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే బాణాల దిశలతోనే సగం రోజు పోతుంది.

ఇప్పుడు ఒక అనంత ఉదాహరణ దగ్గరగా చూద్దాం. దీనిలోని సరుకంతా పదో తరగతి లెక్కలదే. 0, 1, 2, 3 అంటూ సంఖ్యలన్నీ తీసుకోండి. ఒక సంఖ్య ఇంకోదాన్ని నిశ్శేషంగా భాగిస్తే మొదటిది కింద, రెండోది పైన. మీట్ అంటే గసాభా, జాయిన్ అంటే కసాగు. అన్నిటికీ అడుగున 1. అన్నిటికీ పైన 0, ఎందుకంటే ప్రతి సంఖ్యా 0ని భాగిస్తుంది. ఘాతాంకాల్లో గసాభా అంటే చిన్నది, కసాగు అంటే పెద్దది కాబట్టి విభాగ న్యాయం దానంతటదే వర్తిస్తుంది.

దీని ప్రైమ్ ఫిల్టర్లు ఏవి? ఒక ప్రైమ్ ఫిల్టర్‌లో 0 కాని సంఖ్య ఒకటి ఉందనుకుందాం, ఉదాహరణకు 360. అది 8, 9, 5ల కసాగు. ఫిల్టర్ ప్రైమ్ కాబట్టి ఈ మూడింటిలో కనీసం ఒకటి లోపల ఉండాలి. రెండు ఉండడానికి వీల్లేదు, ఎందుకంటే 8, 9 రెండూ ఉంటే వాటి గసాభా 1 కూడా లోపలికి వస్తుంది, అప్పుడు ఫిల్టర్ మొత్తం లాటిస్ అయిపోతుంది. కాబట్టి ఆ ఫిల్టర్ ఒకే ఒక్క ప్రధాన సంఖ్యకు కట్టుబడి ఉంటుంది. దానిలోని ఆ ప్రధాన సంఖ్య ఘాతాల్లో అతి చిన్నది చూస్తే, ఫిల్టర్ అంటే దాని గుణిజాలన్నీ. అలా 2, 4, 8, 16, 3, 9, 27, 5, 25 వగైరా ప్రతి ప్రధాన ఘాతానికీ ఒక బిందువు వస్తుంది. ఇక 0 కాని సంఖ్య ఒక్కటీ లేని ఫిల్టర్ ఒకటుంది: అందులో 0 మాత్రమే ఉంటుంది. అది ప్రైమే, ఎందుకంటే రెండు సంఖ్యల కసాగు 0 అయితే వాటిలో ఒకటి 0 అయి ఉండాలి. దాన్ని అడుగు బిందువు అందాం.

చిత్రం గీయండి. 4 గుణిజాలన్నీ 2 గుణిజాల్లో ఇమిడి ఉంటాయి కాబట్టి 2 ఎగువన, దాని కింద 4, దాని కింద 8. అలాగే 3 కింద 9, దాని కింద 27. ప్రతి ప్రధాన సంఖ్య నుంచీ మర్రి ఊడలాగా ఒక గొలుసు కిందికి దిగుతూ ఉంటుంది, ఊడలన్నీ అడుగున ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. 12 నీడ అంటే 12ను భాగించే ప్రధాన ఘాతాలు: 2, 4, 3. 18 నీడ: 2, 3, 9. రెంటికీ ఉమ్మడివి 2, 3. అది 6 నీడ, 6 వాటి గసాభా. రెంటినీ కలిపితే 2, 4, 3, 9. అది 36 నీడ, 36 వాటి కసాగు. అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం అని బడిలో చదువుకున్నదే ఇక్కడ డ్యుయాలిటీ రూపంలో ఎదురుగా నిలబడింది.

టోపాలజీ చూడండి. 4 నీడలోంచి 2 నీడ తీసేస్తే 4 ఒక్కటే మిగులుతుంది, కాబట్టి ప్రధాన ఘాతాలన్నీ విడి బిందువులు. అడుగు బిందువు చుట్టూ ఉండే వివృత సమితులేమో పరిమితంగా కొన్ని ప్రధాన ఘాతాలను మాత్రమే వదిలిపెడతాయి. అడుగు బిందువును పీకేస్తే ఏమవుతుంది? విడి బిందువులతో కప్పిన కవర్‌లోంచి పరిమితమైన కవర్ దొరకదు, కాంపాక్ట్ గుణం పోతుంది. సిద్ధాంతంలో కాంపాక్ట్ అనే మాట అలంకారానికి లేదు, లాటిస్‌లోని 0ను మోస్తున్నది ఆ బిందువే.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. లాటిస్ ఐడియల్స్ అంటే డ్యుయల్‌లో వివృతమైన ఎగువ సమితులు. మన చిత్రంలో అడుగు బిందువు లేని ఎగువ సమితి ఏదైనా వివృతమే. అంటే ప్రతి ఊడ మీదా ఎక్కడిదాకా దిగాలో మీ ఇష్టం: 2 ఊడ మీద మూడు మెట్లు, 3 ఊడ మీద అంతులేకుండా, 5 ఊడ మీద అసలు లేదు, ఇలా. ఇవే స్టైనిట్స్ 1910లో ఫీల్డ్‌ల సిద్ధాంతం కోసం ప్రవేశపెట్టిన సంఖ్యలు, అనంత ఘాతాంకాలను కూడా అనుమతించే "సంఖ్యలు". పరిమిత ఫీల్డ్ బీజీయ విస్తరణలను లెక్కపెట్టడానికి వాడేవి ఇవే. మన స్పేస్‌లో అవి వెతక్కుండానే దొరికాయి.

సరే, ఇప్పుడు ఆ షరతు. ప్రీస్ట్‌లీ స్పేస్ అంటే కాంపాక్ట్ టోపాలజీ, ఒక పాక్షిక క్రమం, ఈ రెంటినీ ముడివేసే ఒక నియమం. మొదటి బిందువు రెండోదానికి దిగువనా లేక, దానితో సమానమూ కాకపోతే, మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసే క్లోపెన్ ఎగువ సమితి ఒకటి ఉండి తీరాలి. హౌస్‌డార్ఫ్ గుణమూ (ఏ రెండు బిందువులనూ ఒకదానికొకటి తగలని వివృత సమితుల్లో పెట్టగలగడం), క్లోపెన్ బేస్ ఉండడమూ (ప్రతి వివృత సమితీ క్లోపెన్ సమితుల కలయిక కావడం) ఈ నియమం నుంచే వస్తాయి, విడిగా అడగక్కర్లేదు. క్రమం సంవృతం కావడం కూడా దీని నుంచే వస్తుంది.

ఈ నియమం ఎక్కడ పని చేస్తుందో నిరూపణలో చూపిస్తాను. ఏ క్లోపెన్ ఎగువ సమితి తీసుకున్నా అది ఏదో ఒక మూలకం నీడే అని చూపాలి, డ్యుయాలిటీ గుండెకాయ ఇదే. ఆ సమితి లోపల ఒక బిందువు, బయట ఒక బిందువు తీసుకోండి. లోపలిది బయటిదానికి దిగువన ఉండదు, ఉంటే ఎగువ సమితి కాబట్టి బయటిది కూడా లోపలికి రావాల్సింది. కాబట్టి లోపలి ఫిల్టర్‌లో ఉండి బయటి ఫిల్టర్‌లో లేని మూలకం ఒకటుంటుంది. లోపలి బిందువును కదపకుండా ఉంచి, బయటి బిందువులన్నిటి మీదా తిరగండి. బయట ఉన్నది సంవృతం కాబట్టి కాంపాక్ట్, పరిమితమైన కొన్ని మూలకాలతోనే బయటంతా తప్పించవచ్చు. వాటి మీట్ తీసుకుంటే, ఆ లోపలి బిందువును కలిగి, మన సమితి దాటి పోని నీడ ఒకటి వస్తుంది. ఇప్పుడు లోపలి బిందువుల మీద తిరగండి. లోపల కూడా కాంపాక్టే, పరిమితమైన కొన్ని నీడలు చాలు, వాటి జాయిన్ నీడ మన సమితికి సమానం. మీట్ ఒకసారి, జాయిన్ ఒకసారి, కాంపాక్ట్ రెండుసార్లు. ఈ నాలుగు వాక్యాలు చూడకుండా రాయగలిగితే సిద్ధాంతం మీ చేతిలో ఉన్నట్టే.

ఇది లాటిస్ నుంచి బయల్దేరి తిరిగి లాటిస్‌కి వచ్చే దారి. స్పేస్ నుంచి బయల్దేరి దాని క్లోపెన్ ఎగువ సమితుల లాటిస్ కట్టి, మళ్లీ స్పేస్‌కి వచ్చేటప్పుడు వేర్పాటు నియమం లేకపోతే వేరే ఊరు చేరతాం. స్ట్రాల్కా 1980లో ప్రచురించిన ఉదాహరణ దీన్ని కళ్లకు కడుతుంది.

కాంటర్ సెట్ తీసుకోండి. 0 నుంచి 1 దాకా ఉన్న రేఖాఖండంలో నడిమి మూడో వంతు తీసేసి, మిగిలిన ముక్కల్లో మళ్లీ నడిమివి తీసేసి, అలా అంతులేకుండా చేయగా మిగిలినది. కాంపాక్ట్, హౌస్‌డార్ఫ్, క్లోపెన్ బేస్ ఉంది, చక్కటి స్టోన్ స్పేస్. దాని మీద ఒక పొదుపైన క్రమం పెడదాం: తీసేసిన ప్రతి ఖాళీకీ ఎడమ అంచు దిగువ, కుడి అంచు ఎగువ. అంటే మూడో వంతు కంటే మూడింట రెండు వంతులు ఎగువ. తొమ్మిదో వంతు కంటే తొమ్మిదింట రెండు వంతులు ఎగువ. ఇంతే, ఇంకే సంబంధాలూ లేవు. ఈ క్రమం సంవృతమే. ఖాళీల పొడవు తగ్గుతూ తగ్గుతూ సున్నాకు పోతుంది కాబట్టి, వేర్వేరు ఖాళీల అంచుల జంటలు ఎక్కడికైనా చేరితే, రెండు అంచులూ ఒకే బిందువుకు చేరతాయి. మీరు అడిగిన షరతులన్నీ ఇక్కడ ఉన్నాయి.

ఇప్పుడు 0, 1 అనే రెండు కొసలు చూడండి. అవి ఏ ఖాళీకీ రెండంచులు కావు, కాబట్టి 0 అనేది 1కి దిగువన లేదు. వేర్పాటు నియమం ప్రకారం 0ను పట్టుకుని 1ని వదిలేసే క్లోపెన్ ఎగువ సమితి కావాలి. అలాంటిది ఉందనుకుని 0 దగ్గర నుంచి కుడికి నడవండి. ఎంతదూరం ఆ సమితిలోనే ఉండగలమో, ఆ గరిష్ఠ బిందువు దగ్గర ఆగండి. సమితి సంవృతం కాబట్టి ఆ బిందువు లోపలే ఉంది. అది 1 కాకపోతే రెండే అవకాశాలు. దాని కుడి పక్కనే కాంటర్ బిందువులు దట్టంగా ఉంటే, సమితి వివృతం కాబట్టి ఇంకొంచెం ముందుకు పోగలం. లేదా అది ఒక ఖాళీకి ఎడమ అంచు అయితే, సమితి ఎగువ సమితి కాబట్టి కుడి అంచు కూడా లోపలే ఉంటుంది, ఖాళీ దాటేస్తాం. ఎటు చూసినా ఆగడం కుదరదు, 1 దాకా చేరిపోతాం. కాబట్టి 0 ఉన్న ప్రతి క్లోపెన్ ఎగువ సమితిలోనూ 1 ఉంది.

ఈ నడక 0 నుంచే మొదలవ్వక్కర్లేదు, ఏ బిందువు నుంచైనా ఇదే జరుగుతుంది. అంటే ఈ స్పేస్‌లో ఖాళీ కాని క్లోపెన్ ఎగువ సమితులన్నీ "ఇక్కడి నుంచి కుడికి ఉన్నదంతా" అనే రూపంలోనే ఉంటాయి. వాటి లాటిస్ ఒక గొలుసు. ఖాళీల వరుసను తిరగేస్తే వచ్చే వరుసే అది, ఏ రెండు ఖాళీల మధ్య చూసినా ఇంకో ఖాళీ ఉంటుంది. కాబట్టి ఆ గొలుసు 0, 1ల మధ్య అకరణీయ సంఖ్యల గొలుసే, రెండు కొసలతో సహా. దాని డ్యుయల్ కడితే మళ్లీ కాంటర్ సెట్టే వస్తుంది గానీ, మామూలు చిన్న పెద్ద క్రమంతో వస్తుంది. మనం పెట్టిన పొదుపు క్రమం పోయి, పూర్తి సరళ క్రమం వచ్చి కూర్చుంది. ఒక్కొక్క మెట్టు మాత్రమే ఉంచి మెట్ల మధ్య సంబంధాలు చెరిపేశాం. టోపాలజీ వాటిని తనే తిరిగి కలిపేసింది. మనం రాసిన క్రమం వేరు, క్లోపెన్ ఎగువ సమితులకు కనిపించే క్రమం వేరు. ఆ రెండూ ఒకటే అయి ఉండాలని చెప్పేదే ప్రీస్ట్‌లీ నియమం.

ఇక్కడ బ్రెజిల్ గణితవేత్త లియోపోల్డో నాచ్‌బిన్ గుర్తుకు రావాలి. కాంపాక్ట్ స్పేస్ మీద క్రమం సంవృతమైతే, దిగువన లేని బిందువులను 0 నుంచి 1 దాకా విలువలు తీసుకునే అవిచ్ఛిన్నమైన ఆరోహణ ప్రమేయంతో విడదీయవచ్చని 1950 నాటి ఆయన సిద్ధాంతం చెబుతుంది. మరి స్ట్రాల్కా స్పేస్‌లో ఆ ప్రమేయం ఏది? కాంటర్ మెట్ల ప్రమేయం! దానికి ప్రతి ఖాళీ రెండంచుల దగ్గరా ఒకే విలువ ఉంటుంది. కాబట్టి దాన్ని 1లోంచి తీసేసి తలకిందులు చేసినా మన పొదుపు క్రమానికి అది ఆరోహణమే. తలకిందులు చేసినదానికి 0 దగ్గర విలువ 1, 1 దగ్గర విలువ 0. వేరుపడ్డాయి. కానీ ఆ ప్రమేయం 1 నుంచి 0కు రావడానికి మధ్యలో ఉన్న విలువలన్నీ వాడుకుంది. 0, 1 రెండే విలువలతో వేరు చేయమంటే సాధ్యం కాదు. లాటిస్‌కి తెలిసినవి ఆ రెండే. మీ ప్రతిపాదనకూ ప్రీస్ట్‌లీ నిర్వచనానికీ ఉన్న దూరం కొలతపెట్టినట్టు ఇంతే.

స్టోన్ దారి సంగతి క్లుప్తంగా. ఆయన 1937లో నీడలను మాత్రమే వివృతాలుగా తీసుకున్నారు, వాటి పూరకాలను తీసుకోలేదు. వచ్చే స్పేస్ హౌస్‌డార్ఫ్ కాదు. మన సంఖ్యల చిత్రంలో అడుగు బిందువు ఉన్న వివృత సమితి మొత్తం స్పేస్ ఒక్కటే, 2 ఒక్కదాని సంవృతి తీస్తే 2, 4, 8 ఊడ మొత్తం అడుగు బిందువుతో సహా వస్తుంది. అంటే క్రమం ఎక్కడికీ పోలేదు, టోపాలజీ లోపల దాక్కుంది. ప్రీస్ట్‌లీ దాన్ని బయటికి తీసి, టోపాలజీని హౌస్‌డార్ఫ్ చేశారు. రెండూ ఒకే సమాచారమని కార్నిష్ 1975లో చూపించారు. 1937లో స్టోన్ కట్టిన ఈ హౌస్‌డార్ఫ్ కాని స్పేస్‌లను ఇప్పుడు స్పెక్ట్రల్ స్పేస్‌లు అంటున్నారు. ప్రతి స్పెక్ట్రల్ స్పేసూ ఏదో ఒక కమ్యుటేటివ్ రింగ్ ప్రైమ్ స్పెక్ట్రమే అని 1969లో హాక్‌స్టర్ నిరూపించారు. అది చాలా లోతైన ఫలితం, దాని జోలికి ఇప్పుడు వెళ్లను. స్టోన్ గారు 1989 జనవరిలో కన్నుమూసింది మన పక్కనే, మద్రాసులో.

స్టోన్ దారిలో ఒక జాగ్రత్త. లాటిస్‌ల మధ్య ప్రతి హోమోమార్ఫిజమ్‌కీ, అంటే మీట్, జాయిన్, రెండు కొసలనూ కాపాడే మ్యాప్‌కీ, స్పేస్‌ల మధ్య ఎదురు దిశలో ఒక మ్యాప్ వస్తుంది. అక్కడ మ్యాప్ అవిచ్ఛిన్నమైతే చాలదు, కాంపాక్ట్ వివృతాల పూర్వ ప్రతిబింబాలు కూడా కాంపాక్ట్ కావాలి. మన చిత్రం నుంచే చూడండి: మూడు మూలకాల గొలుసు డ్యుయల్‌లో ఎగువన ఒకటి, దిగువన ఒకటి, రెండు బిందువులు. ప్రధాన ఘాతాలన్నిటినీ ఎగువ బిందువుకు, అడుగు బిందువును దిగువ బిందువుకు పంపండి. స్టోన్ టోపాలజీలో ఇది అవిచ్ఛిన్నమే. కానీ దీనికి సరిపడే హోమోమార్ఫిజమ్ ఉండాలంటే, గొలుసులోని నడిమి మూలకం ఏ సంఖ్యకు పోవాలి? అన్ని ప్రధాన ఘాతాలతోనూ భాగింపబడాలి, 0 మాత్రం కాకూడదు. అలాంటి సంఖ్య లేదు. ప్రీస్ట్‌లీ టోపాలజీలో ఈ మ్యాప్ మొదటే తేలిపోతుంది, అడుగు బిందువు విడి బిందువు కాదు కాబట్టి అది అవిచ్ఛిన్నమే కాదు. అక్కడ అవిచ్ఛిన్నత, ఆరోహణత రెండూ ఉంటే చాలు, మూడో షరతు అక్కర్లేదు. రోజూ పని చేసేవాళ్లకు ఇది ఎంత సుఖమో అలవాటైతే తెలుస్తుంది.

ఇంప్లికేషన్ ("ఇది అయితే అది" అనే క్రియ) ఉన్న లాటిస్‌లకు, అంటే హేటింగ్ ఆల్జీబ్రాలకు, ఒక్క షరతు కలిపితే చాలని టిబిలీసిలో లియో ఎసాకియా 1974లో చూపించారు: ఏ క్లోపెన్ సమితి తీసుకున్నా, దాని దిగువన ఉన్నవన్నీ కలిపిన సమితి కూడా క్లోపెన్ కావాలి. మన సంఖ్యల లాటిస్ హేటింగ్ అవుతుందా? 2 ఒక్కటే ఉన్న సమితి క్లోపెన్. దాని దిగువన 2 ఊడంతా, అడుగు బిందువూ ఉన్నాయి. బయట 3, 5, 7 వగైరా అనంతంగా మిగిలాయి కాబట్టి అది వివృతం కాదు. కాబట్టి హేటింగ్ కాదు. నేరుగా లాటిస్‌లో చూసినా అదే తేలుతుంది: 2తో గసాభా 1 అయ్యే సంఖ్యల్లో అన్నిటికంటే పైనున్నది కావాలి, అంటే బేసి సంఖ్యలన్నిటికీ గుణిజమైన బేసి సంఖ్య. లేదు.

మీరు అడగకపోయినా ఒక మాట. రెండు వేర్వేరు మూలకాలకు వేర్వేరు నీడలు ఉంటాయని చెప్పడానికి ప్రైమ్ ఐడియల్ సిద్ధాంతం, అంటే ప్రైమ్ ఐడియల్స్ కావాల్సినన్ని ఉంటాయని చెప్పేది, కావాలి. దానికి పూర్తి ఛాయిస్ ఆక్సియమ్ అవసరం లేదు. ప్రైమ్ ఐడియల్ సిద్ధాంతం ఛాయిస్ కంటే నిజంగానే బలహీనమని హాల్పెర్న్, లెవీ 1971లో నిరూపించారు. సెమినార్‌లో "జోర్న్ లెమ్మా వాడాం" అని (అది ఛాయిస్‌కి సమానమే) చెప్పడం తప్పు కాదు, కానీ కావాల్సినదాని కంటే ఎక్కువ అప్పు తీసుకున్నట్టు.

మన ప్రాంతంలో ఈ దారిలో పని జరగలేదనుకోకండి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి యు. మద్దన స్వామి, జి. సి. రావు 1981లో ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌లను ప్రవేశపెట్టారు. మీట్, జాయిన్ రెంటికీ వినిమయ న్యాయాన్ని వదిలేసి, విభాగ న్యాయాల్లో ఒక్కటి మినహా మిగతావి ఉంచుకుంటే ఎంతవరకూ నిలబడుతుందన్నది వాళ్ల ప్రశ్న. అక్కడ ప్రిన్సిపల్ ఐడియల్స్ (ఒక్కొక్క మూలకంతో పుట్టేవి) మళ్లీ ఒక డిస్ట్రిబ్యూటివ్ లాటిస్ అవుతాయి, కాబట్టి పైన చెప్పిన పనిముట్లన్నీ దాని మీద వాడుకోవచ్చు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఆ వ్యాసం తప్పక చదవండి.

ఇక మీరు చేయాల్సిన లెక్క ఒకటి ఇస్తున్నాను. పై సంఖ్యల లాటిస్‌లోంచి 1 కంటే పెద్ద వర్గ సంఖ్యలతో భాగింపబడని సంఖ్యలను, అంటే 1, 2, 3, 5, 6, 7, 10 లాంటివాటిని మాత్రమే ఉంచి, వాటితో 0ను కూడా ఉంచండి. గసాభా, కసాగులకు ఇది మూసి ఉంటుందని ముందు సరిచూసుకోండి. తర్వాత దాని ప్రీస్ట్‌లీ స్పేస్ గీయండి. ఊడలు ఎంత పొట్టివవుతాయో, అడుగు బిందువు ఉంటుందో పోతుందో రాయండి. ఈ చిన్న లాటిస్ పెద్దదానిలో ఇమిడి ఉంది కాబట్టి, డ్యుయల్‌లో పెద్ద స్పేస్ నుంచి చిన్నదాని మీదికి ఒక మ్యాప్ రావాలి. 8 అనే బిందువు ఆ మ్యాప్‌లో ఎక్కడికి పోతుంది? 2 దగ్గరికి పోతుందని తొందరపడి రాయకండి. 8 గుణిజాల్లో ఈ చిన్న లాటిస్‌లో ఉన్నవి ఎన్నో చూసి, అప్పుడు రాయండి.